మంచం కింద దాచిన హెలికాప్టర్

మొన్న అమలాపురంలో బొమ్మల కొట్టతను అట్టపెట్టె మూత తీయగానే కొత్త ప్లాస్టిక్కు వాసన గుప్పుమంది. లోపల అరచేతిలో ఇమిడే రిమోట్ హెలికాప్టర్. "తోటలో ఎగరేసుకోడానికి ఈ చిన్నది చాలండీ. పెద్దదైతే కొబ్బరాకుల్లో చిక్కుకుంటదండీ" అన్నాడు. నా కళ్లు మాత్రం అతను చూపించని పై అర మీదికే పోయాయి. ఈ అనుమానం బుద్ధి నాకు కొత్తది కాదు. పదేళ్ల వయసులో, ఇచ్చినదాన్ని అనుమానించి దాచినదాన్ని అడిగి, ఒక తల్లిని కన్నబిడ్డ ముందు చిన్నబుచ్చాను.

మాది పి.గన్నవరం దగ్గర చిన్న ఊరు. ఎనభైల్లో ఒక ఏడు, గోదావరికి ఎర్రనీరు వచ్చి కాలవలన్నీ టీ రంగులో పారే రోజుల్లో, మా మేనత్త కరుణ కువైట్ నుంచి సెలవు మీద వచ్చింది. మావయ్య పోయాక, ఏడాది నిండిన కొడుకు బుజ్జిగాణ్ని మా అమ్మ చేతుల్లో పెట్టి, అక్కడెవరి పిల్లల్నో పెంచడానికి వెళ్లింది. ఇక్కడ వీడు మా అమ్మనే అమ్మా అనేవాడు. గోడమీది ఫోటో చూసి నేను అత్త అంటే వాడూ అత్త అనేవాడు. మేమందరం నవ్వుకునేవాళ్లమే గాని ఎవరూ దిద్దలేదు.

కువైట్ పెట్టె తెరవడమంటే మా పేటకంతా పండగే. పొయ్యిలో పెట్టిన తడి కొబ్బరిడొక్కల పొగలో అమ్మ కలుపుతున్న కొబ్బరి లౌజు వాసన, చాపల మీద సర్దుకు కూర్చున్న చుట్టాలు, ఆదివారం చర్చికి కట్టే చీరలు కట్టుకొచ్చిన ఆడవాళ్లు, గుమ్మం దగ్గర ఒకరినొకరు తోసుకునే పిల్లలు. ప్రార్థన చెయ్యకుండా తాళం తీసే అలవాటు లేదు. బడిపంతులైన నాన్న ప్రార్థన కూడా పాఠంలాగే చేసేవాడు. విమానం నడిపినవాణ్నీ, అత్త పనిచేసే ఇంటివాళ్లనీ, వాళ్ల పిల్లల్నీ ఎవరినీ వదల్లేదు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అత్త కూడా మూసుకోలేదు. చేతిసంచిలోంచి ఒక పెద్ద అట్టపెట్టె తీసి, చప్పుడు కాకుండా కాలితో మంచం కిందకి జరిపింది.

ఆ తర్వాత బయటికొచ్చిన సబ్బులూ, గళ్ల లుంగీలూ, నారింజ పొడి డబ్బాలూ నా కంటికి ఆనలేదు. నా వంతు వచ్చింది. సన్నటి తీగతో మీటల డబ్బాకి కలిపిన బుల్లి హెలికాప్టర్. "నీకేరా నాన్నా. తోటలో ఎగరేసుకో" అంది అత్త. ఆ ప్రేమంతా మంచం కిందది కప్పిపుచ్చడానికే అనిపించింది.

"మరి మంచం కిందది ఎవరికత్తా?" అన్నాను, అందరికీ వినబడేలా.

నాన్న కళ్లెర్రజేశాడు. అమ్మ కొంగు పట్టుకుని వెనక నక్కిన బుజ్జిగాడి వైపు అత్త ఒక్కసారి చూసి, వంగి ఆ పెట్టె లాగి నా చేతుల్లో పెట్టింది. "అదీ నీకేలేరా. దాందేవుంది." లోపల పెద్ద హెలికాప్టరు, తీగే లేని రిమోట్, దానికి పొడవాటి ఏరియల్ కడ్డీ. నేను వదిలేసిన చిన్నదాన్ని బుజ్జిగాడి ముందు పట్టుకుని నించుంది.

"నాకొద్దత్తా" అన్నాడు వాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

తోటలో నా హెలికాప్టర్ ఎండు కొబ్బరాకుల మధ్య గిర్రున రెక్కలు తిప్పుకుంటూ పాకి, జానెడు లేచి, డొక్కల పోగుని కొట్టుకుని పడింది. తెలిసే నాకు పాడైంది ఇచ్చిందేమో అన్న అనుమానంతో, నిలదీద్దామని వంటింటి వైపు వెళ్లాను. లోపల అత్త అమ్మతో అంటోంది: "కొట్లో రెండిట్లో బుజ్జిగాడికి ఏది తీసుకోవాలో తేల్చుకోలేక చాలాసేపు నించున్నాను వదినా. పెద్దదైతే వాడు నా దగ్గరికొస్తాడనుకున్నాను."

గుమ్మంలో నా కాళ్లు ఆగిపోయాయి. పెట్టె మంచం కిందకి జరగడం చూశాను గాని, అది ఎవరిని పిలుచుకోవడానికో చూడలేకపోయాను.

రిమోట్లోంచి బ్యాటరీలు ఊడదీసి, తల ఎత్తకుండా అత్త గుప్పిట్లో పెట్టి, హెలికాప్టరు తీసుకెళ్లి బుజ్జిగాడికిచ్చాను. వాడు మీటలన్నీ నొక్కి చూశాడు.

"ఇది తిరగట్లేదేంటి బావా?"

"బ్యాటరీలు మీ అమ్మ దగ్గరున్నాయి. వెళ్లి అడుగు."

వాడు మా అమ్మ వైపు నడిచాడు. "ఆవిడ కాదురా, నాకు అమ్మ ఆవిడ. మీ అమ్మ అదుగో" అన్నాను. వాడు ద్వారబంధం పట్టుకుని చాలాసేపు నించున్నాడు. ఆఖరికి వెళ్లి, ఏమీ పిలవకుండా చెయ్యి చాపాడు. అత్త బ్యాటరీలు వేసి, రిమోట్ వాడి చేతుల్లో పెట్టి, ఆ చేతుల మీద తన చేతులు వేసింది.

ఆ సెలవులు అయ్యేదాకా వాడి ముందు నేనావిడని అత్త అనలేదు, మీ అమ్మ అనే అన్నాను. మరుసటిసారి ఆవిడ వచ్చినప్పుడు రావులపాలెంలో బస్సు ఆగీ ఆగకముందే అమ్మా అని పరిగెత్తింది వాడే.

ఇప్పుడు అత్త లేదు. పెట్టెల ముందు ప్రార్థనలూ లేవు. దూరదేశాల్లో ఉన్నవాళ్లు రోజూ ఫోన్లోనే కనిపిస్తున్నారు. బుజ్జిగాడు మస్కట్ నుంచి నిన్ననే సెలవు మీద దిగాడు. వాడి కూతురు ఫోన్లో గలగలా మాట్లాడే పిల్లే, వాణ్ని ఎదురుగా చూసేసరికి వాళ్లమ్మ వెనక్కి వెళ్లి దాక్కుంది.

మొన్న కొట్టతను చూపించిన చిన్నదే కొన్నాను. పై అరలో ఏముందో అడగలేదు. హెలికాప్టరు ఆ పిల్లకిచ్చాను. బ్యాటరీలు మాత్రం బుజ్జిగాడి జేబులో వేశాను.