అతిథి మరిచిపోయిన తుపాకి

ఒమాన్ రాకముందు నేను తుపాకిని సినిమాల్లో తప్ప చూడలేదు. బహ్లాలో నేను పనిచేస్తున్న ఇంట్లో అది మంచాలూ కుర్చీల్లాగే ఇంటి సామాను. వచ్చినవాళ్లను కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో గోడకు వేలాడుతూ ఉండేది. దుమ్ము దులిపేటప్పుడు దాన్నీ దులపాలి. మొదట్లో అల్లంత దూరాన నిలబడి, మొహం పక్కకు తిప్పుకుని దులిపేదాన్ని.

ఆ తుపాకి పెద్ద బాబాది. ఇళ్లలో పనిచేసే మేమంతా యజమానిని బాబా అనే పిలుస్తాం. ఈ ఇంట్లో ఇద్దరు బాబాలు. ఇల్లు నడిపేది కొడుకు. ఆయన తండ్రి పెద్ద బాబా. నన్ను ఊరి నుంచి రప్పించుకున్నదే ఈ పెద్దాయన కోసం. ఆయనకు మతిమరుపు జబ్బు. స్నానం, మందులు, తిండి, కబుర్లు అన్నీ నా డ్యూటీయే. కబుర్లంటే ఆయన చెప్పేవారు, నేను "ఆయ్, ఆయ్" అనేదాన్ని. మా గోదావరి వాళ్ల ఆయ్ ఏ భాషకైనా సరిపోతుంది.

పెద్ద బాబాకు నా ముఖం ప్రతి ఉదయమూ కొత్తదే. కొడుకును ఒకరోజు తమ్ముడనుకునేవారు, ఒకరోజు కరెంటు పనికి వచ్చినవాడనుకునేవారు. తుపాకిని మాత్రం ఏనాడూ మరిచిపోలేదు. సాయంత్రం పూట అసర్ నమాజు అయ్యాక దాన్ని గోడ మీంచి దించి ఆయన ఒళ్లో పెట్టాలి. నూనె చుక్క వేసిన గుడ్డ చేతికివ్వాలి. తుపాకి వెనక కట్టె మీద బొటనవేలు ఆనేచోట చిన్న గుంట ఉంది. వాళ్ల నాన్న వేలూ, ఆయన వేలూ కలిసి అరగదీసిన గుంట అది. వేలు అందులో పడగానే ముఖం తేటపడేది. పెళ్లిళ్లలో మగవాళ్లు బారులు తీరి తుపాకులెత్తి పాడే పాట ఒకటి సన్నగా అందుకునేవారు. అప్పుడు పెట్టిన అన్నం మారు మాట్లాడకుండా తినేవారు. తుపాకి ఒళ్లో లేకపోతే ముద్ద మింగరు. ఆయన తిన్న రోజు నాకు మంచి రోజు, తినని రోజు నేనూ తినలేకపోయేదాన్ని. ఈ ఇంట్లో నా బతుకు ఆ గుంట చుట్టూనే తిరిగింది.

కిందటి చలికాలానికి ముందు కొడుకు బాబాకు వేట పిచ్చి పట్టింది. వేటంటే పెద్దగా ఊహించుకోకండి. ఇక్కడ జింకను కొడితే జైల్లో వేస్తారు. బాబా, ఆయన స్నేహితులూ ఎడారిలో గుడారాలు వేసుకుని, ఖాళీ డబ్బాలు నిలబెట్టి, వాటిని గురి చూసి కొట్టి వస్తారు. తినే మాంసం నేను ఇంట్లో మసాలా పట్టించి సర్ది ఇచ్చిందే. అయినా వేట తుపాకులు ఇసుకలో, పొదల్లో కలిసిపోయే మచ్చల రంగులో ఉండాలట. తుపాకిని చూసి డబ్బాలు పారిపోతాయా ఏమిటని లోలోపల నవ్వుకున్నాను.

షాపుకిచ్చి వేయించుకోవచ్చుగా. కాదు, ఫోన్లో వీడియోలు చూశారు, ఇంట్లోనే వేస్తానన్నారు. ఒక శుక్రవారం తెల్లారుతూనే కారు షెడ్డు కింద ముందు తన తుపాకితో మొదలుపెట్టారు. ఎండెక్కితే స్ప్రే రంగు తుపాకి మీద పడేలోపే గాలిలో ఆరిపోయి పొడిపొడిగా అంటుతుంది. లోపల తూటాలు లేవని ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు. గొట్టం మూతికీ, గురి చూసే అద్దానికీ కాగితం టేపు అంటించారు. థిన్నర్‌తో జిడ్డంతా తుడిచి, ఇనుప తీగతో షెడ్డు పైపుకు వేలాడదీశారు. మొదట ఒళ్లంతా ఇసుకరంగు. అది ఆరాక ఆకులు ఆనించి పట్టుకుని, పైనుంచి ముదురు రంగు కొట్టాలి. ఆకు తీసేస్తే దాని కింద ఇసుకరంగు ఆకు ఆకారంలో మిగులుతుంది. ఒక్కరి చేతులు చాలక నన్ను పిలిచారు. రేగాకులు, చీల్చిన ఖర్జూరపు మట్టలు, ఉల్లిపాయలు వచ్చే వల సంచి, ఇదీ మా సరంజామా.

అక్కడ నా చెయ్యి నా పరువు తీసింది. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ముగ్గులు పెట్టిన చెయ్యి అది. చుక్కకూ చుక్కకూ మధ్య ఎంత ఎడం ఉండాలో నన్ను అడగకుండానే దానికి తెలుసు. నేను పట్టుకున్న ఆకులు ఈ వైపు ఎన్ని ఉంటే ఆ వైపు అన్ని, బడిపిల్లల్లా బుద్ధిగా వరుస కట్టాయి. అంతా అయ్యాక చూస్తే తుపాకి దుప్పటి అంచులా ఉంది. బాబా పడీపడీ నవ్వారు.

"ఏ చెట్టయినా ఇలా ఉంటుందా? దీన్ని కర్టెన్ కుట్టించుకోవచ్చు. వరుస వద్దు. ఎలా పడితే అలా పెట్టు."

మళ్లీ ఇసుకరంగు కొట్టి మొదటికొచ్చాం. ఎలా పడితే అలా పెట్టడం ఇంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు. వద్దనుకున్నకొద్దీ చెయ్యి జత కలుపుతుంది. చివరికి కళ్లు మూసుకుని ఆకులు పెట్టాను. చూడకపోతే చేతికి వరుస తెలియలేదు. బౌషర్‌లో ఉండే తన తమ్ముడి తుపాకి కూడా తెచ్చారు, అదీ చక్కగా కుదిరింది. గోడ పక్కన రేగుచెట్టుకు ఆనించి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే అదెక్కడుందో నాకే దొరకలేదు. నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను.

చేతులు కడుక్కుంటూ బాబా అన్నారు. "వచ్చే శుక్రవారం నాన్నది. ఆయన్నీ ఎడారికి తీసుకెళ్తాం. ముగ్గురివీ ఒకేలా ఉండాలి."

నా పొంగు చప్పున చల్లారింది. వద్దని చెప్పాలి. కానీ ఎలా? నాకొచ్చింది వంటింటి అరబ్బీ. తే, పెట్టు, కడుగు, అయిపోయింది, రేపు. ఇల్లంతా ఆ మాటలతోనే నడిపేస్తాను. ఆ గుంటలో వేలు పడితేనే పెద్దాయనకు తానెవరో తెలుస్తుందని చెప్పడానికి వాటిలో ఒక్కటీ పనికిరాదు. అయినా గుండె దిటవు చేసుకుని, "లా, బాబా" అన్నాను. వద్దని. ఇన్నేళ్లలో నా నోట ఆ మాట ఆయన విన్నది అదే మొదలు. ఆశ్చర్యపోయి చూశారు, తర్వాత మెత్తగా నవ్వారు. "భయపడకు. పాడుచెయ్యను. కొత్తదానిలా చేస్తాను." నాకు ఏడుపొచ్చింది. కొత్తదానిలా చేయడమే కదా నా భయం.

వీళ్ల ఖర్జూరం తోటలో నిజామాబాద్ వైపు తమ్ముడు ఒకడు పనిచేస్తాడు. బాబా దగ్గర కూర్చుని అరబ్బీలో లొడలొడా మాట్లాడతాడు. కూరగాయలు ఇవ్వడానికి వచ్చినప్పుడు వంటింటి గుమ్మంలో పట్టుకున్నాను.

"నీకు వాళ్ల మాట బాగా వచ్చుగదా తమ్ముడూ. ఒక్క మాట చెప్పవా బాబాకి. దానికి రంగేసేత్తే పెద్దాయన గుర్తుపట్టరని చెప్పు. ఇంకేటీ అక్కర్లేదు."

"మనకెందుకక్కా గీ లొల్లి? తుపాకి ఆల్లది, నాయిన ఆల్ల నాయిన. నడుమ మనమెవలం?"

"మనమెవరమేంటి? అన్నం పెట్టేది నేను. తినకపోతే ఏడ్చేదీ నేనే."

కాసేపు తల గోక్కున్నాడు. పాపం, మంచివాడు. నిజంగానే వెళ్లి అడిగాడు. తిరిగొచ్చేటప్పుడు అతని నడకలోనే నాకు జవాబు తెలిసిపోయింది.

"చెప్పిన అక్కా. మంచిగనే ఇన్నడు. మా నాయిన సంతోషపడతడు, సూడుండ్రి అంటున్నడు. ఇగ నేనేం జెయ్యాలె?"

బాబాను తిట్టుకోవడానికీ వీల్లేదు. తండ్రి మీద ప్రేమ లేనివాడైతే హాయిగా తిట్టుకునేదాన్ని. తన తుపాకితో సమానంగా తండ్రి తుపాకీ ఉండాలని, చలిమంట పక్కన ఆయన్ను కూర్చోబెట్టుకోవాలని ముచ్చటపడుతున్నారు. కట్టె పగిలింది, ఇనుము నల్లబడింది, బాగుచేయడమే మేలనుకున్నారు. ఆ ఇంట్లో నా వీసా ఆయన చేతిలో, ఆయన ముచ్చట నా చేతిలో. శుక్రవారం వచ్చింది.

థిన్నర్ గుడ్డకు ఎన్నేళ్ల నూనో నల్లగా అంటింది. ఆ వాసన షెడ్డంతా కమ్మింది, తర్వాత రంగు వాసన వచ్చి దాన్ని మింగేసింది. ఆ గుంట లోపలికి కూడా ఇసుకరంగు దిగింది. బాబా చెప్పినట్టే ఆకులు పట్టుకున్నాను. ఈసారి కళ్లు మూసుకోవడానికి వేరే కారణం ఉంది. మూడింటిలోకీ అదే బాగా కుదిరిందని బాబా మెచ్చుకున్నారు.

ఆరాక, అసర్ తర్వాత, తానే స్వయంగా తీసుకెళ్లి తండ్రి ఒళ్లో పెట్టారు. ఫోన్‌తో ఫొటో తీయడానికి సిద్ధంగా నిలబడ్డారు. పెద్ద బాబా దాన్ని చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. వేలు కట్టె మీద అటూ ఇటూ పాకింది. రంగు గరుకు తగిలి ఆగిపోయింది. తర్వాత రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి పక్కన తివాచీ మీద పెట్టారు.

"ఎవరిది ఇది?"

"నీదే నాన్నా."

పెద్ద బాబా కోపం తెచ్చుకున్నారు. ఒకరి ఆయుధాన్ని తనదనడమేమిటి? వచ్చినవాళ్లెవరో మరిచిపోయి వెళ్లారు, వాళ్లొచ్చేదాకా దాన్ని ముట్టకూడదు, నూనె కూడా రాయకూడదు. ఇంటికొచ్చినవాడి తుపాకి గోడకు తగిలించి, అతను లేచేటప్పుడు ఇంటి పెద్దే స్వయంగా తీసి చేతికివ్వాలి. అది ఆయన పద్ధతి. దాన్ని గోడకు పెట్టించారు. నావైపు తిరిగి, అతిథులకిచ్చే కాఫీ, కహ్వా కాయమన్నారు, ఖర్జూరం తెమ్మన్నారు. అతిథి వెనక్కి వస్తాడుగా.

ఆ సాయంత్రం అన్నం తినలేదు.

బాబా మర్నాడే గుడ్డా, థిన్నర్ పట్టుకుని కూర్చున్నారు. ఒక మూల రుద్దితే రంగుతోపాటు పాత కట్టె నునుపు కూడా లేచొచ్చింది. కింద పాలిపోయిన కొత్త చెక్క బయటపడింది. ఇంకా రుద్దితే గుంట కూడా పోతుందేమోనని ఆపేశారు. నేను ఆ చెక్క మీద పాత నూనె గుడ్డ రుద్దాను, ఎండలో పెట్టాను, మళ్లీ రుద్దాను. పెద్దాయన ముక్కు దగ్గర పెడితే తల తిప్పుకున్నారు. పనిమనిషి అతిథి సామాను ముట్టుకోవడమేమిటని నన్ను కసిరారు కూడా. నేను ఆయ్ అన్నాను. ఇంకేమనను?

అప్పటినుంచి రోజూ ఇదే తంతు. అసర్ అవగానే కహ్వా కాచి, కప్పులో పోసి ఎవరూ లేని దిండు ముందు పెట్టేదాన్ని. పెద్ద బాబా వీధివైపు తలుపు చూస్తూ కూర్చునేవారు. అతిథి తినకుండా ఇంటివాడు తినడు కాబట్టి అన్నం ముట్టేవారు కాదు. మధ్యమధ్యలో తన తుపాకి ఏదని అడిగేవారు. గోడ మీదే ఉంది, చూపించలేను. బుగ్గలు లోపలికి పోయాయి. నాకు వాళ్లమీద కోపం, నామీద కోపం, ఏ పాపమూ ఎరగని రేగుచెట్టు మీద కూడా కోపం వచ్చేది.

ఒక సాయంత్రం కొడుకు బాబా ఆఫీసు నుంచి త్వరగా వచ్చారు. కారు వీధిలోనే ఆపి, మజ్లిస్ తలుపు లోంచి లోపలికొచ్చి, అలసటగా ఆ ఖాళీ దిండు దగ్గర కూలబడ్డారు.

పెద్ద బాబా ముఖం వెలిగిపోయింది. అంత వెలుగు చూసి నాకు చాలా రోజులైంది. లేచి నిలబడబోయారు, నేను పట్టుకున్నాను. కొడుకుకు సలాం చెప్పి, దారి బాగుందా, ఇంట్లో అందరూ కులాసాయేనా అని పరాయివాణ్ణి అడిగినట్టు మర్యాదగా అడిగారు. కొడుకు నావైపు చూశారు. నేను కహ్వా పోశాను. వేరే ఏం చెయ్యగలను? ఆయన తాగారు. మళ్లీ పోశాను. చాలని చెప్పడానికి అతిథులు ఊపినట్టే ఖాళీ కప్పు ఊపి నాకిచ్చారు.

అప్పుడు పెద్ద బాబా నా చెయ్యి పట్టుకుని గోడదాకా నడిచారు. తుపాకిని తానే దించి, రెండు చేతులతో కొడుకుకు అందించారు.

"నీ వస్తువు భద్రంగా ఉంది. ఎవరూ ముట్టలేదు. పొద్దుపోకముందే బయలుదేరు, ఇంట్లో నీ కోసం చూస్తుంటారు. మా అబ్బాయి ఉంటే నిన్ను తోట దాటేదాకా సాగనంపేవాడు. నా తుపాకి పట్టుకుని ఎటో వెళ్లాడు."

కొడుకు బాబా తుపాకి అందుకున్నారు. తండ్రి భుజం మీద ముద్దు పెట్టుకుని, అతిథిలా దీవించి, వచ్చిన తలుపులోంచే బయటికి వెళ్లిపోయారు. పెద్ద బాబా తృప్తిగా కూర్చుని అన్నం అడిగారు. కడుపు నిండా తిన్నారు. నేను గిన్నె ఖాళీ అవుతుంటే సంతోషపడాలో లేదో తెలియక చూస్తూ ఉండిపోయాను.

మంచినీళ్ల కోసం వంటింట్లోకి వస్తే కొడుకు బాబా పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. చెప్పులు చేతిలో, తుపాకి భుజాన. తన ఇంట్లోకే అడుగు పెట్టడానికి సందేహిస్తున్నారు.

"తిన్నారా?" అని గుసగుసగా అడిగారు.

తిన్నారన్నాను. ఆ మాటకు నా అరబ్బీ సరిపోయింది.

లోపల్నుంచి పెద్ద బాబా కేకేశారు, మా ఇద్దరికీ వినబడేలా. "అమ్మాయ్, తలుపు వేసెయ్యకు. మా అబ్బాయి ఇంకా రాలేదు."

నేను కొడుకు బాబా ముఖం చూడలేదు. పక్కనుంచి వెళ్లి, వీధి తలుపు బార్లా తెరిచి వచ్చాను.