సీటు వెనక బోల్టు

ఫిన్లండ్‌లో ఇలొమాంత్సి ఊరి చుట్టుపక్కల అడవుల్లో కాలవలు తవ్వే యంత్రాలన్నిటికీ వైద్యుడు తాయిస్తో ఒక్కడే. పనిలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. మనిషి మాత్రం అనుమానాల పుట్ట. కొట్లో రొట్టె నిన్నటిదేమోనని నొక్కి చూస్తాడు. సరస్సులో పక్క పడవవాడు పలకరించడానికి వచ్చినా, తన వలలో ఎన్ని పడ్డాయో చూడటానికే వచ్చాడంటాడు. ఇన్నేళ్ళూ ఈయనతో ఎలా వేగిందో భార్య ఐలికే తెలియాలి. ఆయన నమ్మేది కరెంటు కొలిచే తన మీటరు ఒక్కదాన్నే.

ఆ ఏడు చలి మొదలయ్యే ముందు కాంట్రాక్టరు ఓస్మో ప్రొక్లెయినర్‌కి జబ్బు పట్టుకుంది. దాని పాత డ్రైవరు రెయియో మోకాళ్ళ నొప్పులని మానేశాడు. ఆ రెయియో తాయిస్తోకి చేపల వేట నేస్తం. అతని సీట్లోకి మార్యుత్ వచ్చింది. నలభై దాటిన మనిషి. సూపర్‌మార్కెట్ కౌంటరు దగ్గర ఏళ్ళ తరబడి కూచుని విసిగిపోయి, ఆ వయసులో బడికి వెళ్ళి యంత్రం నడపడం నేర్చుకుంది. నేల గడ్డకట్టేదాకా పని చూస్తాననీ, నచ్చితేనే ఉంచుకుంటాననీ ఓస్మో ముందే చెప్పాడు. ఈ సీటు పోతే ఆ ప్రాంతంలో ఆమెకి ఇంకో సీటు ఇచ్చేవాళ్ళు లేరు.

జబ్బు సంగతేమిటంటే, మధ్యాహ్న భోజనానికి కాస్త ముందు బండి ఉన్నట్టుండి నీరసించిపోతుంది. ఇంజను మూలుగుతుంది, మట్టి తీసే చెయ్యి గాల్లో ఆగిపోతుంది, తెర మీద ఎర్ర గుర్తులు వరసగా వెలుగుతాయి. ఆపేసి, భోజనం చేసి, మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

తాయిస్తో వ్యాన్ వేసుకుని వెళ్ళాడు. ఆయన వెళ్ళిన ప్రతిసారీ బండి బ్రహ్మాండంగా పనిచేసింది. అడవిలో పనిచేసే చోటికి మనిషి వస్తే అక్కడ ఎవరైనా చేసేదే మార్యుత్ కూడా చేసింది. చితుకులు ఏరి మంట వేసింది, సాసేజిలు కాల్చి ఆవపిండి ముద్దతో పెట్టింది, మసిబారిన కెటిల్లో కాఫీ కాచింది. ఆయన తింటూనే అనుమానించాడు. మొదటిది మర్యాదకి ఇచ్చిందనుకుందాం, అడక్కుండా రెండోది ఎందుకిచ్చినట్టు?

ల్యాప్‌టాప్ తగిలించి కంట్రోల్ కంప్యూటర్ ఏమంటుందో చూశాడు. ఆయిల్ ఒత్తిడి సెన్సరు, జాయ్‌స్టిక్కులు, చెయ్యి ఎత్తు చూసే సెన్సరు, అన్నీ ఒకే క్షణంలో తప్పుడు వోల్టేజి ఇచ్చాయని రాసి ఉంది. ప్లగ్గులు విప్పాడు. తడి లేదు, పిన్నులు వంగలేదు. తీగల కట్ట పొడుగునా కదిపి చూశాడు. ఎక్కడా తెగలేదు. మీటరు పెడితే అంకెలన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. ఇన్ని సెన్సర్లు ఒక్కసారే చెడటం, ఒక్కసారే బాగుపడటం జరిగే పని కాదు. కాబట్టి ఎవరో కంప్యూటర్ ప్లగ్గు వదులు చేసి మళ్ళీ బిగిస్తున్నారు. ఆ బండిలో ఉండేది ఒక్క మనిషే.

మార్యుత్ చెప్పాలనే చూసింది. "ఇది రోజూ భోజనం ముందే ఆగుతోంది, తాయిస్తో. ఇంకెప్పుడూ ఆగదు. అదేమిటో కాస్త చూడవా?"

ఆయనకి అదే రుజువైపోయింది. అందరికంటే ముందు దిగి తీరిగ్గా తినడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఏముంటుంది? చూస్తానన్నాడు గానీ, చూసింది ఆమె మొహాన్నే.

ఆ సాయంత్రమే ఓస్మోకి చెప్పేశాడు. "బండికి రోగం లేదు. రోగమంతా సీట్లో ఉంది."

తాయిస్తో అంత మాట అన్నాక ఓస్మో మరి ఆలోచించలేదు. తను చేసిన తప్పేమిటో చెప్పమని మార్యుత్ అడిగింది. ఎవరూ చెప్పలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి, రబ్బరు బూట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. సూపర్‌మార్కెట్ వాళ్ళు పాత కౌంటరే ఇచ్చారని తర్వాత తెలిసింది.

కాలవ సగంలో ఉండిపోయింది. చలి ముదురుతోంది, వేరే డ్రైవరు దొరకలేదు. చివరికి తాయిస్తోయే సీటెక్కాడు. పొద్దున్నంతా బండి వంక లేకుండా నడిచింది. నేను చెప్పలేదా అని తనలో తనే మురిసిపోయాడు. ఆకలేసేసరికి, ఐలి కట్టిచ్చిన మాంసం కూర గిన్నె తీసి, సీటు వెనకున్న భోజనం వేడిచేసే పెట్టెలో పెట్టి మీట నొక్కాడు. ఆ పెట్టె లేని బండి ఆ అడవుల్లో ఉండదు. చలిలో చల్లటి కూర ఎవరు తింటారు? అది వేడెక్కేలోగా ఇంకాస్త మట్టి తీద్దామని జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు.

ఇంజను మూలిగింది. చెయ్యి గాల్లో ఆగింది. ఎర్ర గుర్తులు వెలిగాయి.

ఆయనకి ముందుగా వచ్చిన ఆలోచన చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. పోతూ పోతూ ఆమె ఏదో పెట్టి పోయిందనుకున్నాడు. దొంగ స్విచ్చి ఎక్కడుందా అని సీటు ఊడదీసి వెతికాడు. స్విచ్చి లేదు, ఒక బోల్టు ఉంది. కంప్యూటర్ ఎర్త్ తీగ ఆ బోల్టుకే బిగించి ఉంది. అది ఉండవలసిందే. దాని మీద ఉండకూడని నల్ల తీగ ఇంకొకటి ఉంది. దాన్ని పట్టుకుని వెళితే కూర ఉడుకుతున్న పెట్టె దగ్గరికి చేరింది. బోల్టు అడుగంతా తుప్పు.

మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఆ బోల్టుకి ఆనించాడు. పెట్టె ఆపితే సున్నా. వేస్తే వోల్టు పైనే. పెట్టె లాగే కరెంటంతా ఆ తుప్పులోంచే తిరిగి పోవాలి. అది పోలేక అక్కడ వోల్టేజి లేస్తోంది. ఆ బోల్టునే సున్నా అనుకుని కొలిచే కంప్యూటర్‌కి సెన్సర్లన్నీ ఒకేసారి అబద్ధమాడినట్టు కనబడుతోంది. తను వచ్చిన రోజుల్లో ఎందుకు ఆగలేదో కూడా అప్పుడే తట్టింది. వచ్చిన మనిషికి మంట మీద కాల్చి పెట్టే రోజున ఆ పెట్టె ఎవరు వేస్తారు?

నల్ల తీగకి చుట్టిన టేపు చూడగానే అది రెయియో చేతిపని అని తెలిసిపోయింది. అతని రోజుల్లో బోల్టు శుభ్రంగా ఉండి ఉంటుంది. తుప్పు తర్వాత పట్టింది. ఊళ్ళో అందర్నీ అనుమానించినవాడు నేస్తం చేసిన పనిని మాత్రం ఒక్కసారీ విప్పి చూడలేదు. తాయిస్తోకి తల కొట్టేసినట్టయింది. కూర ముట్టుకోబుద్ధి కాలేదు.

తుప్పు గీకాడు, పెట్టె తీగని విడిగా వేరే చోటికి లాగాడు. ఓస్మో దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి, అటునుంచి అటే సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాడు. ఆమె కౌంటరు ముందు వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక బోల్టు సంగతీ, పెట్టె సంగతీ చెప్పాడు. తప్పు తనదేననీ, ఓస్మో రమ్మంటున్నాడనీ చెప్పాడు.

"భోజనం ముందే ఆగుతోందని చెప్పాను కదా" అంది మార్యుత్.

"చెప్పావు."

"విన్నావా?"

"లేదు."

ఆమె ఆ వారం అక్కడ పని పూర్తిచేసి సీట్లోకి తిరిగి వచ్చింది. నేల గడ్డకట్టేలోగా కాలవ పూర్తయింది, ఓస్మో ఆమెని ఉంచేసుకున్నాడు.

నడి చలికాలానికి ముందు ప్లగ్గులన్నీ ఒకసారి విప్పి చూడాలి. తాయిస్తో వచ్చి మూత తీశాడు. మార్యుత్ దిగి వచ్చి ఆయన భుజం పక్కనే నిలబడింది. దీనికి చాలాసేపు పడుతుంది, లోపల వెచ్చగా కూర్చోమన్నాడాయన.

"వద్దు" అంది ఆమె. "నువ్వేం విప్పుతున్నావో, ఏం బిగిస్తున్నావో నేను చూడాలి. రేపు ఇది ఆగితే మళ్ళీ నా మీదకే వస్తుంది."

కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ రాలేదు. ఇన్నేళ్ళలో ఆయన చేతుల్ని ఎవరూ అలా కాపలా కాయలేదు. ఆమె చేస్తున్నది సబబే అనిపించింది, దాంతో బాధ వేసింది. విప్పిన ప్రతి ప్లగ్గూ ముందు ఆమెకి చూపించి, ఆ తర్వాతే బిగించాడు. ఆఖరిది బిగించాక సరిపోయిందా అని అడిగాడు. ఆమె వంగి, దాన్ని రెండు వేళ్ళతో లాగి చూసుకుని, అప్పుడు ఊఁ అంది.