స్టీలు డబ్బాలో ఊరు

పార్సిప్పనీలో ఉన్న రోజుల్లో మా ఎదురు ఫ్లాట్ అమ్మాయికీ నాకూ కలిపి ఒక ఊరుండేది. మడిచి జేబులో పెట్టుకునే చిన్న వీడియో గేమ్‌లో ఉండేది ఆ ఊరు. రోడ్లు వేయాలి, కరెంటు ఇవ్వాలి, ఇళ్లకీ ఫ్యాక్టరీలకీ స్థలాలు చూపించాలి, పన్ను ఎంతో తేల్చాలి. లెక్క తప్పితే జనం ఊరొదిలి వెళ్లిపోతారు. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు కదా, ఇంట్లో కూర్చుని నాకు పిచ్చెక్కుతుందని మా ఆయన థాంక్స్‌గివింగ్ సేల్‌లో కొనుక్కొచ్చాడు. పెళ్లికి ముందు నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. ఆ ఊరి విషయంలో నా అంత తెలిసినవాళ్లు లేరని నా నమ్మకం.

ఎదురు ఫ్లాట్ అమ్మాయిది హనుమకొండ. మధ్యలో కొన్నాళ్లు ఆపి మళ్లీ ఎం.ఎస్. చదువుతోంది. భర్త ఒహాయోలో ప్రాజెక్టు చేస్తూ రెండు వారాలకోసారి వచ్చేవాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఊరు నాది. మూడింటికి క్లాసు నుంచి వచ్చి ఆమె తీసుకెళ్లేది, మర్నాడు పొద్దున్నే తిరిగిచ్చేది. గేమ్‌లో ఒక్క ఊరే సేవ్ అవుతుంది కాబట్టి ఒకరు ఆపిన చోటి నుంచి ఇంకొకరు ఆడాల్సిందే. గీతలు పడకుండా జిప్‌లాక్ సంచీలో పెట్టి, ఆ సంచీని స్టీలు డబ్బాలో పెట్టి పంపుకునేవాళ్లం. డబ్బా ఉత్తగా ఇవ్వకూడదని ఇద్దరికీ ఇంట్లో నేర్పారు. నేను నాలుగు చెక్కలు పెట్టేదాన్ని, ఆమె సకినాలు పెట్టేది. ఇంట్లో ఏమీ లేని రోజు గుప్పెడు చక్కెరయినా ఉండేది.

ఆమెకో కూతురుంది. రెండో సెమిస్టర్‌లో పుట్టింది. చదువూ పిల్లా రెండూ సాగక, పది నెలలప్పుడు అమ్మమ్మ వచ్చి ఇండియాకి తీసుకెళ్లింది. నాకు పరిచయమయ్యేనాటికి ఆ పిల్లకి రెండున్నరేళ్లు. "జాబ్ వచ్చినంక తెచ్చుకుంటం అక్కా" అనేది. మా కాంప్లెక్స్‌లో అద్దె ఎక్కువ. అయినా ఆమె ఇక్కడే ఎందుకుందంటే స్కూల్ డిస్ట్రిక్ట్ మంచిదని, ఇక్కడ ఉన్నవాళ్ల పిల్లల్నే ఈ బళ్లలో చేర్చుకుంటారని. బడికి వెళ్లాల్సిన పిల్ల ఎక్కడో హనుమకొండలో ఉంటే ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ ఏమిటని నేను మా ఆయన దగ్గర నవ్వాను కూడా.

ఊళ్లో కూడా ఆమె ఓ బడి కట్టింది. నది పక్కన, ఊరికి ఆ చివర్న, చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేని చోట. చుట్టూ పార్కు వేసింది, అక్కడిదాకా రోడ్డు లాగింది. దాని మీద నొక్కితే విద్యార్థులు సున్నా అని చూపించేది. ఖర్చు మాత్రం ఏటేటా పడేది. నాకు ఒళ్లు మండేది. రెండుసార్లు చెప్పి చూశాను. "ఉండనీ అక్కా, ఇండ్లు వస్తయి" అంది.

మార్చిలో ఒక పొద్దున ఖజానా అడుగంటింది. కరెంటు చాలక సగం ఊరు చీకటైంది. నేనింక ఆలోచించలేదు. బడిని, పార్కుని కూల్చేసి ఆ స్థలంలో ఫ్యాక్టరీలు వేశాను. మధ్యాహ్నానికి ఊరు గట్టెక్కింది. ఎంత గర్వమో నాకు. ఆమె మూడింటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి తెరిచి చూసింది.

"బడి ఏమైంది అక్కా?"

"తీసేశాను. పిల్లలే లేని బడికి ఖర్చు దండగ కదా."

ఆ మాట అన్నది నేనే. క్లాసులో పాఠం చెప్పినట్టు, చేతులు తిప్పుతూ మరీ అన్నాను. ఆమె గేమ్ మడిచి డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు డబ్బా మా గుమ్మం ముందుంది, బెల్లు కూడా కొట్టలేదు. లోపల గేమ్ ఉంది. ఇంకేమీ లేదు. కడిగి, తుడిచి, ఉత్త డబ్బా ఇచ్చింది.

నేనేమన్నానో నాకప్పుడు తెలిసింది. ఎదురు తలుపు నాలుగడుగుల దూరం. వెళ్లి సారీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. లాండ్రీ రూములో ఎదురుపడితే బాగున్నారా అంటే బాగున్నాం అనుకునేవాళ్లం. ఒంటరిగా ఊరు నడుపుతూ కూర్చున్నాను. ఫ్యాక్టరీలు తీసేసి నది పక్కన మళ్లీ బడి కట్టాను. పన్ను పెంచాను, ఊరు మధ్యలో ఇళ్లు కూల్చి ఆ జనానికి బడి పక్కన స్థలాలిచ్చాను. ఎకనామిక్స్ ప్రకారం అన్నీ తప్పులే. అయినా మే నెలకి బడి మీద నొక్కితే విద్యార్థులు నలభై దాటారు.

ఆ నెలలోనే ఆమెకి ఉద్యోగం వచ్చింది. భర్త ఇండియా వెళ్లి పిల్లని తీసుకొచ్చాడు. సంగతి తెలిసి సున్నుండలు చేశాను. డబ్బాలో గేమ్ పెట్టి, పైన సున్నుండలు పెట్టి, మధ్యాహ్నం వెళ్లి బెల్లు కొట్టాను. ఆమె తలుపు పూర్తిగా తీసి, "రా అక్కా" అంది.

పిల్ల కార్పెట్ మీద కూర్చుంది. రెండు జడలు, కాళ్లకి ఎర్ర షూస్.

"నిన్నటి సంది షూస్ విప్పనిస్తలేదు అక్కా. వాటితోనే పండుకుంది" అని ఆమె నవ్వబోయింది.

బడి చూపిద్దామని నేను గేమ్ తెరిచాను. ఆమె చూసింది. నలభై దాటిన ఆ అంకె మీద వేలు పెట్టి చూసి, సున్నుండలు పళ్లెంలోకి తీసి, లోపలికెళ్లి డబ్బా కడుక్కొచ్చి అందులో చక్కెర పోసింది. నా కళ్లు నిండాయి. క్షమించిందనే అనుకున్నాను.

అప్పుడు పిల్ల తలెత్తి అడిగింది. "ఆంటీ, అమ్మ దగ్గరికి ఎప్పుడు పోదాం?"

నన్నే అనుకున్నాను. కాదు, ఆ పిల్ల చూస్తున్నది వాళ్లమ్మని. ఆ పిల్లకి అమ్మంటే హనుమకొండలో ఉన్న అమ్మమ్మే.

ఆమె చక్కెర డబ్బా నా చేతికిచ్చింది. పిల్ల మాట దిద్దలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఒక సున్నుండ పిల్ల చేతిలో పెట్టి, "ఇది తిన్నంక పోదాం" అంది.

పిల్ల ఆ ఉండని ఒక్కసారే నోట్లో కుక్కుకుంది. రెండు బుగ్గలూ నిండా పట్టి, నమల్లేక నములుతూ లేచి, వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నేను వెళ్లాలంటే ఆ తలుపు తీయాలి. తీస్తే తనూ నాతో బయటికి వచ్చేస్తుంది. చక్కెర డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.