కొట్టి చూసి రాసిన సుగుణక్క

శనివారం పొద్దున సుగుణక్క చెల్లెలు ఫోన్ చేసి, "అక్కను టిప్పర్ గుద్దింది. పోయింది" అన్నది. "ఏమంటున్నవ్? సోయి ఉన్నదా నీకు?" అని ఆ పిల్ల మీదనే అరిచాను. తుక్కుగూడలో కొత్త ఉద్యోగం అడగడానికి బయలుదేరిన అక్క స్కూటీని, సాగర్ రోడ్డు మీద కంకర టిప్పర్ వెనక నుంచి గుద్ది, ఛాతీ మీదుగా వెళ్లిపోయింది. మా ఇబ్రహీంపట్నం పొలాలను అపార్ట్‌మెంట్లు చేయడానికి పరుగెత్తే ఆ టిప్పర్లకు బ్రేకులుంటాయో లేదో గాని, జవాబుదారీ మాత్రం లేదు. దుఃఖం కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ అదే ముందున్నది.

సుగుణక్క తెలుగు ఎం.ఏ. చదివి, జూనియర్ కాలేజీలో పదహారేళ్లు పాఠం చెప్పి, అది మూతపడ్డాక మా గోదాములో చేరింది. ఫోన్లో చూసి సరుకు కొనేవారి కోసం ప్రతి వస్తువు కింద తెలుగులో నాలుగు మాటలు రాయడం మా ఇద్దరి ఉద్యోగం. ఎదురెదురు బల్లలు. ఐదేళ్లలో మేము పోట్లాడుకోని రోజు లేదు.

ఆమె రచనావిధానానికి విధ్వంసమే పీఠిక. ఏ వస్తువునైనా విరగ్గొట్టి చూడనిదే అక్షరం రాసేది కాదు. మిక్సీ జార్లను గోడకేసి కొట్టేది. ప్లాస్టిక్ స్టూలు వస్తే హమాలీ మల్లేశన్నను ఎక్కి దుంకమనేది. "నడుము ఇరిగితే నువ్వు కట్టిస్తవా అక్కా?" అని ఆయన మొత్తుకునేవాడు. "ఇది ఆఫీసా, పాత సామాన్ల కొట్టా?" అని నేను దెప్పితే ఆమెది ఒకటే జవాబు: "కొనేటామె దీన్ని ముట్టలేదే. ఆమె చేతులు ఈడ లేవు. నావే ఆమె చేతులు."

ఆ చేతుల రాతకు సమ్మోహనశక్తి ఉండేది. ఇనుప పెనం గురించి నేను 'అద్భుతం, అపురూపం' అని రాస్తే నెలంతా ఒక్కటీ పోలేదు. ఆమె నా రాతంతా కొట్టేసి, 'మూడు కిలోల బరువు. మొదటి వారం మణికట్టు నొస్తుంది. రెండో వారం నుంచి దోసె అంటుకోదు' అని రాసింది. పది రోజుల్లో సరుకు ఖాళీ. "ముందు చేదు చెప్పు. గప్పుడే తీపి నమ్ముతరు" అన్నది. ఆమె గెలిచినందుకు నాకు ఒళ్లు మండింది.

నెల కిందట హెల్మెట్లు వచ్చాయి. 'ఎంతటి దెబ్బనైనా తట్టుకుంటుంది' అని రాయమన్నాడు ఓనరు. అక్క సుత్తె తీసి ఒక్కటి వేసింది. హెల్మెట్ కొబ్బరిచిప్పలా రెండు ముక్కలైంది.

"ఇది నేను రాయ సార్."

"అందరూ గట్లనే రాస్తరు మేడమ్. మీకే ఎందుకు నొప్పి?"

"అయితే నువ్వే పెట్టుకో. ఒక్కటే దెబ్బ కొడత."

అతను ఆమెను తోశాడు. ఇనుప ర్యాకు తగిలి నుదురు చిట్లింది, నెత్తురు కళ్లలోకి కారింది. అక్క కొంగుతో తుడుచుకుని, ఆ పెట్టెలో మిగిలిన పదకొండింటినీ ఒక్కొక్కటిగా పగలగొట్టి, సుత్తె అతని కాళ్ల ముందు పడేసి వెళ్లిపోయింది.

ఆ వాక్యం నేను రాశాను. దాచను. నోరున్నదాన్నని ఊరంతా అంటుంది. ఉద్యోగం పోతుందన్న భయానికి ఆనాడు నోరు పెగల్లేదు. సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"రాసినవా?"

"అవ్ అక్కా."

"కొట్టి చూసినవా?"

నుదుటికి కుట్లు పడ్డాయా అని నేను మాట మార్చాను.

"కొట్టి చూడు" అని పెట్టేసింది. నాతో ఆమె అన్న ఆఖరి మాట అదే.

మూడు వారాలు చూడలేదు. హెల్మెట్లు పోతూనే ఉన్నాయి. అక్క అంత్యక్రియల నుంచి తిన్నగా గోదాముకు పోయి సుత్తె తీశాను. అలవాటు లేని చెయ్యి, బలం లేని దెబ్బ. అయినా పెంకు చీలి సుత్తె లోపలికి దిగింది. నా వాక్యం చెరిపేసి నిజం రాశాను. గంటలో ఓనరు పాత వాక్యాన్నే మళ్లీ పెట్టించి, నన్ను గేటు బయటికి నెట్టించాడు.

ఈ కాగితం మీద అతని చెయ్యి పడదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నల్ల హెల్మెట్. ఇరువైపులా ఎర్ర గీత. లోపల తెల్ల స్పాంజి, గడ్డం కింద పచ్చ బిళ్ల. ఆడమనిషి కొట్టిన ఒక్క దెబ్బకు పగిలింది. మీ ఇంట్లో ఎవరి తలకైనా ఇది ఉంటే ఇవాళే పగలగొట్టండి, ఇంకొకరికి ఇవ్వకండి. ఆ మహాతల్లికి నేను సమర్పించగల అంజలి ఇంతే. కానీ ఇది నా రాత. సుగుణక్క రాసి ఉంటే, ఈపాటికి మీరు చదవడం ఆపి సుత్తె కోసం లేచేవారు.