వెర్నా కోవల్ చీపురు

వెర్నా కోవల్ ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. అన్నేళ్లలో ఒక్క పిల్లాణ్ని కూడా బస్సులో మరిచిపోలేదు. కెనడాలోని తూర్పు ఆల్బర్టాలో జనవరి పొద్దున అదేమీ చిన్న విషయం కాదు. వెనక సీట్లో నిద్రపోయిన పసివాణ్ని చూసుకోకుండా తాళం వేసుకుని పోతే వాడు గడ్డకట్టిపోతాడు. అందుకే పిల్లలు దిగాక, ఇంజను ఆపాక, ఆమె చివరి సీటు దాకా నడిచి ప్రతి సీటు కిందా వంగి చూసేది. మోకాళ్లు పాడయ్యాక కూడా వంగింది. "దిగిపోయే ముందు వెనక్కి తిరిగి చూడనివాడు డ్రైవరు కాదు, దొంగ" అని కొత్త డ్రైవర్లకు చెప్పేది.

ఆమె రెండో నియమం బస్సు నేల గురించి. పొద్దుతిరుగుడు గింజలు నమిలి పొట్టు ఉమ్మడం అక్కడి పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. బస్సులో ఉమ్మితే ఉమ్మినవాడే ఊడవాలి. డ్రైవరు సీటు పక్కన పొడుగు కర్ర చీపురు ఎప్పుడూ నిలబడి ఉండేది.

పన్నెండేళ్ల ట్రెంట్ హాల్వర్సన్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. వెనక సీట్లలో తన జట్టుతో కలిసి సంచెడు గింజలు మేసేవాడు. బడి ఇంకో మైలు ఉందనగా, అడుగున నాలుగు గింజలు మిగిల్చి, ఆ సంచిని ఆరేళ్ల డ్యూయీ ప్రూసాక్ చేతిలో పెట్టేవాడు. "నీకేరా, ఉంచుకో." పెద్దవాళ్లు తనకేదో ఇచ్చారని డ్యూయీ మొహం వెలిగిపోయేది. బస్సు ఆగాక సంచి ఎవడి చేతిలో ఉంటే నేరం వాడిది. మూడు రోజులు ఆ పసివాడే బస్సు ఊడ్చాడు. నాలుగో రోజు వెర్నా అద్దంలో అంతా చూసింది.

"నా దగ్గర సంచి లేదుగా, మిసెస్ కోవల్," అన్నాడు ట్రెంట్ రెండు చేతులూ చాపి.

"సంచి ఎవడడిగాడు? నోరు తెరువు."

పళ్ల సందున పొట్టు దొరికింది. ఆ రోజు ట్రెంట్ మెట్లతో సహా బస్సంతా ఊడ్చాడు. ఊరు వారం రోజులు నవ్వుకుంది.

ఆ ట్రెంటే ఇప్పుడు అక్కడి ఎమ్మెల్యే. మూడుసార్లు గెలిచాడు. మూడుసార్లూ వెర్నా అతనికే ఓటేసింది. అతని నవ్వు మొహం ఉన్న బోర్డును తన గేటు పక్కన పాతించుకుంది కూడా. అది తలుచుకుంటే ఇప్పుడు తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది ఆమెకు.

కోపమంతా ఒక చమురు బావి గురించి. అది వాళ్ల ఇంటి వెనక, కేకేస్తే వినపడేంత దూరంలో ఉంది. నలభై ఏళ్ల కిందట కంపెనీ మనిషి కాగితాలు పట్టుకుని వచ్చాడు. వద్దనే హక్కు వెర్నాకూ లేదు, ఆమె భర్త ఒరెస్ట్‌కూ లేదు. అక్కడ పైనున్న మట్టి రైతుది, కిందున్న చమురు ప్రభుత్వానిది. అయినా ఇంటికొచ్చిన మనిషి కాబట్టి ఆమె ఆలుగడ్డ కూరి పెరోగీలు వండి పెట్టింది. పద్నాలుగు తిన్నాడు. మూతి తుడుచుకుంటూ, "చమురు అయిపోయిన రోజున బావి ఎక్కడుండేదో మీరే గుర్తుపట్టలేరు. మూసేసి, గోధుమ మొలిపించి మరీ వెళ్తాం" అన్నాడు. ఆ మాటను ఒరెస్ట్ చచ్చేదాకా నమ్మాడు. నమ్మడూ మరి? చలికాలాల్లో అతనూ చమురు తవ్వే రిగ్గుల మీద పనిచేసినవాడే. ఇంటి పైకప్పు ఆ జీతంతోనే వేసుకున్నారు. చమురును తిట్టినవాడికి ఆ ఇంట్లో కాఫీ కూడా పుట్టేది కాదు.

బావి ముప్పై ఏళ్లు పాడి ఆవులా ఇచ్చింది. ఇవ్వడం తగ్గగానే పెద్ద కంపెనీ దాన్ని చిన్న కంపెనీకి అంటగట్టింది. అది ఇంకా చిన్నదానికి అంటగట్టింది. చివరికి పేరు కూడా లేని, నంబరు మాత్రమే ఉన్న కంపెనీ చేతికొచ్చి, అది కాస్తా దివాలా తీసింది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. ప్రభుత్వం ఆ బావిని అనాథ బావుల జాబితాలో రాసుకుంది. ఆ మాట విన్న రోజు వెర్నా ఫోను బల్ల మీదికి విసిరికొట్టింది. "అమ్మా నాన్నా చచ్చినవాణ్ని అంటారు అనాథ అని. దీని బాబు కాల్గరీ నగరంలో నిక్షేపంగా గోల్ఫ్ ఆడుకుంటున్నాడు!"

అంతవరకైనా ఓర్చుకునేదేమో. కానీ కూతురు లేస్యా నగరంలో నర్సు ఉద్యోగం మానేసి, వ్యవసాయం తాను చూసుకుంటానని వచ్చింది. అమ్మ ఇంటి పక్కనే చిన్న ఇల్లు కట్టుకుంటానంది. ఆ పొలంలో ఇల్లు నిలిచే గట్టి నేల ఆ ఒక్కచోటే ఉంది, మిగతాదంతా చిత్తడి. అనుమతి అడిగితే కౌంటీ ఆఫీసు కాదంది. పక్కన మూయని బావి ఉంది, అందులోంచి గ్యాస్ కూడా కారుతోంది, కుదరదంది. సరే, మూయించండి అని వెర్నా జాబితా ఆఫీసుకు ఫోను చేసింది.

"మీది మూడు వేల నాలుగు వందల పన్నెండో నంబరండీ. పదకొండేళ్లు పట్టొచ్చు," అంది అవతలి అమ్మాయి.

"నాకు డెబ్బై ఒకటి."

"అయ్యో."

"అయ్యో కాదమ్మా, కూడి చూడు."

ఆ రోజు నుంచి ప్రతి ఉదయం ఆమె గిన్నెల సబ్బు నీళ్లు సీసాలో పోసుకుని వెళ్లి బావి గొట్టం అతుకు మీద చల్లేది. గ్యాస్ కారితే బుడగలు లేస్తాయి. లేచిన రోజున వంటింటి కేలెండరులో ఒక సున్నా చుట్టేది. కేలెండరు నిండా సున్నాలే.

ఆ నంబరు కంపెనీ వెనక ఎవరున్నారో లేస్యా కాగితాలు తెప్పించి చూసింది. దాని పేరిట ఎనభై బావులున్నాయి. డైరెక్టరు పేరు డ్యూయీ ప్రూసాక్. వెర్నా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. ఆ పేరే. వెంటనే తన పికప్ ట్రక్కు తీసింది.

డ్యూయీ ఇప్పుడు చమురు బావులకు నీళ్ల లారీ తోలుతూ, ఊరి చివర రేకుల ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడు.

"ఒరేయ్ డ్యూయీ, ఎనభై బావుల ఆసామివట! మాకెవరికీ చెప్పకుండా ఎప్పుడు కోటీశ్వరుడివయ్యావురా?"

అతని మొహం పాలిపోయింది. "నేనేం చెయ్యలేదు, మిసెస్ కోవల్. ఒక సంతకం పెట్టమన్నారు, పెట్టాను. పెద్ద కంపెనీ వాళ్లే, మంచోళ్లు. డైరెక్టరువి నువ్వే అన్నారు. కార్డు కూడా అచ్చేయించి ఇచ్చారు, ఉండండి." లోపలికి పోయి తెచ్చాడు. అట్టముక్క మీద బంగారు రంగు అక్షరాల్లో తన పేరు. దాన్ని చూపిస్తున్నప్పుడు అతని మొహంలో ఆరేళ్లప్పటి వెలుగే ఉంది. తిట్టడానికి వెళ్లిన వెర్నా ఆ కార్డును జాగ్రత్తగా అతని చేతికే తిరిగిచ్చింది. ట్రక్కులోకి వచ్చి కూర్చుని స్టీరింగు చక్రాన్ని రెండు చేతులతో బాదింది. ముప్పై ఏళ్లు గడిచినా దొంగలకు కొత్త ఎత్తు కనిపెట్టే అవసరం రాలేదు!

అక్టోబరులో, పంట కోతలు ముగిశాక, ఆదివారం మధ్యాహ్నం ఊరి హాల్లో సామూహిక భోజనం. టర్కీ కోడి, క్యాబేజీ చుట్టలు, పెరోగీలు, పండ్లు కూరి కాల్చిన పైలు ఆరు రకాలు. ట్రెంట్ కూడా వచ్చాడు. రెండుసార్లు వడ్డించుకుని, చొక్కా మీద పడింది తుడుచుకుని, లేచి మైకు పట్టుకున్నాడు. శుభవార్త తెచ్చానన్నాడు. పాత బావులు మూసే కంపెనీలకు, కొత్త బావుల చమురు మీద ప్రభుత్వానికి, అంటే ప్రజలకు, కట్టాల్సిన వాటాలో రాయితీ ఇస్తారట. కొందరు చప్పట్లు కొట్టారు.

పైలు కోస్తున్న వెర్నా కత్తి కింద పెట్టింది.

"ట్రెంట్, నాకు చదువు తక్కువ, మెల్లగా చెప్పు. నా పెరట్లో బావి తవ్వినోళ్లు, మూస్తామని రాసిచ్చారా లేదా?"

"ఇచ్చారు, మిసెస్ కోవల్."

"మూశారా?"

"మార్కెట్టు పరిస్థితులు..."

"మూయలేదు. ఇప్పుడు తమ పని తాము చేసుకుంటే వాళ్లకు బహుమానం. ఆ బహుమానం ఎవరి జేబులోంచి? ఈ హాల్లో కూర్చున్నోళ్ల జేబులోంచేగా? సొమ్మొకడిది, సోకొకడిది!"

ట్రెంట్ నవ్వు చెరగనివ్వలేదు. "ఇది మన ఉద్యోగాల సంగతి. అక్కడ దేశ రాజధాని ఒట్టావాలో కూర్చున్నవాళ్లు మన నోటి దగ్గర కూడు..."

"ఒట్టావాను లాక్కురాకు. నా పెరట్లో బావి ఒట్టావా తవ్వలేదు."

హాలు గొల్లుమంది. ట్రెంట్ చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని, "చట్టప్రకారం మీ బావి యజమాని ఒక నంబరు కంపెనీ. బాధ్యత ఆ డైరెక్టరుది. నేను మధ్యలో ఏం చేయను?" అన్నాడు.

వెనక తలుపు దగ్గర కుర్చీ చప్పుడైంది. డ్యూయీ లేచి నిలబడ్డాడు. మొహం కందిపోయి ఉంది. తలుపు పక్కన గోడకు ఆనించిన హాలు చీపురును అలవాటుగా చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే, మిసెస్ కోవల్. సంతకం నాదే. నేను ఊడుస్తాను."

ఎవరూ నవ్వలేదు. వెర్నా హాలు పొడవునా నడిచి వెళ్లి అతని చేతిలోంచి చీపురు తీసుకుంది. "కూర్చోరా నాయనా. ఆ పొట్టు నీది కాదు." మళ్లీ అంత దూరమూ మోకాళ్లు ఈడ్చుకుంటూ ముందుకొచ్చి, చీపురును ట్రెంట్ ముందుకు చాపింది.

"అదెప్పుడో చిన్నప్పటి ముచ్చట, మిసెస్ కోవల్," అన్నాడతను.

"నోరు తెరువు."

ట్రెంట్ నోరు మూసుకున్నాడు. చీపురు ముట్టుకోలేదు. గడియారం చూసుకుని, పక్క ఊళ్లో ఇంకో భోజనం ఉందని గొణిగి, పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. అతను ఒక్కసారైనా వెనక్కి తిరుగుతాడేమోనని వెర్నా చూసింది. తిరగలేదు.

ఇంటికి వస్తుంటే లేస్యా పట్టలేనంత సంబరంగా ఉంది. "ఏం దులిపావమ్మా! వీడియో అప్పుడే అందరి ఫోన్లలోకీ ఎక్కింది. గెలిచేశావు పో!"

"ఏం గెలిచానే? పద, చూద్దాం."

గేటు దగ్గర ట్రక్కు ఆపించి, ట్రెంట్ బొమ్మ ఉన్న బోర్డును మట్టితో సహా పెకలించింది. దాన్ని మోసుకెళ్లి బావి కంచెకు, గొట్టానికి ఎదురుగా, తీగతో కట్టింది. ఇక రోజూ వాసన చూడనీ అంది. తర్వాత సీసా తెచ్చి సబ్బు నీళ్లు చల్లింది. సాయంత్రపు ఎండలో బుడగలు లేచాయి, పగిలాయి, మళ్లీ లేచాయి. ఎమ్మెల్యే బోర్డు మీద నవ్వుతూనే ఉన్నాడు.

లేస్యా వంగి ఆ బుడగలను చూసింది. సంబరమంతా దిగిపోయింది.

"అమ్మా," అంది, "నగరంలో ఆసుపత్రివాళ్లు మళ్లీ రమ్మంటున్నారు. పదకొండేళ్లు నేను ఆగలేనే."

వెర్నా సీసా మూత పూర్తిగా విప్పి, ఉన్న సబ్బు నీళ్లన్నీ ఆ అతుకు మీద కుమ్మరించింది.