బసవపున్నారావు బొటనవేలు

బసవపున్నారావు బొటనవేలు నూజివీడు మామిడి తోటలన్నిటికీ తెలుసు. చేతికి ఏది దొరికినా రసం కాయలా నొక్కి చూస్తాడు. పాల ప్యాకెట్టయినా సరే, మనవడి బుగ్గయినా సరే. ఆ పొద్దున ఆయన లినక్స్ ల్యాప్‌టాప్ నిద్రపోనని మొండికేసింది. స్లీప్‌లో పెట్టీపెట్టగానే లేచి కూర్చుంటోంది. ఏవేవో కమాండ్లు కొట్టాడు, అప్‌డేట్ చేశాడు, ఉన్న వైర్లన్నీ పీకాడు. కరెంటు లేదు, ఛార్జింగ్ కరిగిపోతోంది. మధ్యాహ్నం బేరగాళ్లకి తోట వీడియో చూపించాలి. "దీనికేం దయ్యం పట్టిందే?" అని భార్యని కేకేశాడు, వైర్‌లెస్ మౌస్ గుప్పిట్లో పట్టుకుని తెరకేసి గుడ్లప్పగించి చూస్తూ.

నాగేశ్వరమ్మ వచ్చి ఆ గుప్పిటే చూసింది. "ముందా మౌసు కింద పెట్టండి. మగ్గిందో లేదోనని మీరలా నొక్కుతుంటే అదెలా పడుకుంటుందండీ?"

మౌస్ బల్లమీద పెట్టి, ల్యాప్‌టాప్‌ని మళ్లీ స్లీప్‌లో పెట్టాడు. తెర ఆరింది, ఈసారి నిద్రలోంచి లేవలేదు.

"నేనెక్కడ నొక్కానే?" అన్నాడు అయోమయంగా, ఆవిడ మోచెయ్యి నొక్కి చూస్తూ.