యాదయ్య కాక విప్పించిన నట్టు

ఈ ఉదయం గచ్చిబౌలిలో ఉద్యోగులను దింపి, క్యాంపస్ సెల్లారులో కారు ఆపుకుని కూర్చున్నాను. పక్క క్యాబు డ్రైవరు తుప్పు పట్టిన చక్రం నట్ల మీద డీజిల్ చల్లుతున్నాడు. అద్దం దించగానే ఆ వాసన గుప్పున తగిలింది. తుప్పూ డీజిలూ కలిసిన ఆ ఘాటు ఎక్కడ తగిలినా నాకు యాదయ్య కాకే గుర్తొస్తాడు. ఆయన నాకు బంధువు కాదు. గోపన్‌పల్లిలో మేము కిరాయికున్న గదికి ఎదురుగా, రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే మెకానిక్. అరవై దాటిన బక్కపలచని మనిషి. చెప్పాల్సింది ఒక్కసారే చెప్పేవాడు. రెండోసారి అడిగితే పని ఆపి మొహం వంక చూసేవాడు, అంతే.

మాది నారాయణపేట వైపు ఒక పల్లె. ఇక్కడికి వచ్చాక మా ఆయన ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు, నేను ఒక ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్‌లో చేరాను. ఏడేళ్లు నాలుగో అంతస్తు అద్దాలు తుడిచాను. కింద వరసగా వచ్చి ఆగే క్యాబులను చూస్తూ చూస్తూ, తుడిచే పని వదిలి నడిపే పని చేయాలని మనసులో గట్టిగా పెట్టుకున్నాను. డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. మా ఆయనా నేనూ కలిసి ఒక పాత కారు కొన్నాం. ఆఫీసులకు క్యాబులు తిప్పే ట్రావెల్స్‌లో పని అడిగితే, మేనేజరు మాత్రం నన్ను పైనుంచి కింది దాకా చూసి, దారిలో టైరు పంక్చరైతే ఎవరిని పిలుస్తావని అడిగాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అక్కడినుంచి తిన్నగా యాదయ్య కాక దగ్గరికి వెళ్లి, బండి పని నేర్పమన్నాను.

"నేర్పుడు నాకు రాదు బిడ్డా," అన్నాడు ఆయన. "వచ్చి చూడు. చూసింది చెయ్యి."

సెలవు దొరికిన ప్రతిరోజూ వెళ్లాను. ఆడమనిషికి ఈ మసి పని ఎందుకని షెడ్డుకు వచ్చేవాళ్లు అంటుంటే, ఆయన వాళ్లకు జవాబు చెప్పకుండా నా చేతికి పానా అందించేవాడు. మూడు నెలలకు టైరు మార్చడం, ఆయిల్ మార్చడం, బ్రేకు ప్యాడ్లు వేయడం వచ్చాయి. కనీసం వచ్చాయని నేననుకున్నాను.

బండి పని నేర్చుకున్నానని వెళ్లి చెబితే, ఎట్టకేలకు మేనేజరు మెత్తబడ్డాడు. సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు పుప్పాలగూడలోని తన ఆఫీసుకు బండి తెచ్చి చూపించమనీ, అన్నీ సరిగా ఉంటే పుప్పాలగూడ రూటు నాకే ఇస్తాననీ, లేకపోతే వరసలో ఉన్న ఇంకో డ్రైవరుకు పోతుందనీ చెప్పాడు. బ్రేకులు కీచుమంటున్నాయి, ప్యాడ్లు మార్చాలి. ఆదివారం మధ్యాహ్నం చూస్తే కాక పెళ్లికి వెళ్లాడు. ఇంతమాత్రం నేను చేసుకోలేనా అనిపించింది. ప్యాడ్లు మార్చాలంటే ముందు చక్రం విప్పాలి, దాని నట్లకు సరైన పానా కనపడలేదు. కొంచెం పెద్దది తీసుకుని, దాని మీద కాలుపెట్టి తొక్కాను. మూడు నట్లు వచ్చాయి. నాలుగోదాని మీద పానా జారింది. మళ్లీ తొక్కాను, మళ్లీ జారింది. వంగి చూసేసరికి అంచులన్నీ అరిగిపోయి నట్టు గోలీలా గుండ్రంగా తయారైంది.

సోమవారం పొద్దున కాక వచ్చి చక్రం ముందు కూర్చున్నాడు. ఎవరు చేశారని అడిగితే టైరు షాపువాళ్లని అబద్ధం చెప్పాను. ఆయన బొటనవేలితో నట్టు చుట్టూ ఒకసారి తడిమి చూశాడు. సుత్తితో కొట్టి బోల్టు విరగ్గొడదామా అన్నాను, నాకు మూడు గంటల గడువు తప్ప ఇంకేం కనపడటం లేదు.

"విరిగితే చక్రం ఎనకదంత ఇప్పాలె. నీ బండి వారం దినాలు ఈడనే ఉంటది," అన్నాడు. "జర ఆగు."

ఇనుప బ్రష్షుతో తుప్పంతా గీయించాడు. డీజిల్, ఆయిల్ కలిపి బొట్టు బొట్టుగా పోయించి, అది లోపలికి దిగేదాకా కూర్చోమన్నాడు. ఆ అరగంట నాకు కూర్చున్నచోట ముళ్లున్నట్టు ఉంది. కాక ఒక్క మాటైనా అడిగి ఉంటే ఏదో ఒకటి అల్లి చెప్పేదాన్ని. ఏమీ అడగలేదు. చివరికి నేనే నోరు తెరిచాను.

"టైరు షాపోళ్లు కాదు కాకా. నేనే. పెద్ద పానా పెట్టి తొక్కిన."

"ఎరుకనే," అన్నాడు. నా వైపు చూడలేదు. నట్టు మీద ఇంకో బొట్టు పోస్తూ తన సంగతి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు లారీల షెడ్డులో పనిచేసేవాడట. ఇలాగే ఒక నట్టును పాడుచేసి, ఉస్తాద్ తిడతాడన్న భయంతో దానికి గ్రీజు పూసి, అది బిగిసిందో లేదో చూడకుండానే వదిలేశాడట. రెండు రోజులకు నడుస్తున్న లారీ చక్రం ఊడిపోయింది. ఆ డ్రైవరుకు ఒక కాలు తీసేశారు.

"నన్ను ఎవలు అడగలే. నేను చెప్పలే," అన్నాడు. "నలభై ఏండ్లాయె. గిప్పుడు నీకే చెప్తున్న."

ఆయన లేచి పొడుగాటి రాడ్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు చెడగొట్టింది నువ్వే ఇప్పు."

ముందు ఆకురాయితో నట్టుకు రెండు పక్కలా చదును చేసి పానా పెట్టాను, జారింది. తర్వాత నట్టు మీద టోపీలా దిగే సాకెట్ పానాల్లో ఒక సైజు చిన్నది తీసుకుని, సుత్తితో కొట్టి కొట్టి దాని మీదికి ఎక్కించాను. రాడ్డు పెట్టి లాగితే అదీ ఊడొచ్చింది. ఒంటిగంట దాటింది. అరచేతిలో బొబ్బ చిట్లింది. ఇది రాకపోతే నేను మళ్లీ నాలుగో అంతస్తుకే అనుకున్నాను, ఆ అనుకోవడంతోనే మొండితనం వచ్చింది. సాకెట్‌ను ఇంకా లోతుగా దిగ్గొట్టాను. విప్పే ముందు కొంచెం బిగించే వైపు తిప్పమన్నాడు కాక. అలాగే చేసి, కాలు వాడకుండా, కుదుపు లేకుండా, ఒంటి బరువంతా మెల్లగా రాడ్డు మీద వేశాను. కిర్రుమంది. సాకెట్ జారిందేమోనని వంగి చూశాను. జారలేదు, నట్టే తిరిగింది.

ప్యాడ్లు వేసి, కొత్త నట్టు బిగించి, మసి చేతులతోనే పుప్పాలగూడ చేరేసరికి మూడు కావడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. మేనేజరు బండి చుట్టూ తిరిగి, నా చేతుల వైపు చూసి, రూటు ఇచ్చాడు.

తర్వాత ఆ షెడ్డు స్థలం అపార్ట్‌మెంట్లకు పోయింది. కాక సొంతూరికి వెళ్లిపోయాడు, పోయినేడు అక్కడే కన్నుమూశాడు. నేను వెళ్లి చూసి వచ్చాను.

మొన్నటి వానల్లో నలుగురు అమ్మాయిలతో ఆఫీసుకు వెళ్తుంటే స్టీరింగు వణికింది. ఆపి చూస్తే ముందు చక్రానికి రెండు నట్లు వదులుగా ఉన్నాయి. ముందురోజు ఆ టైరు మార్చింది నేనే. తప్పును రోడ్డు గుంతల మీదికి నెట్టేయడం తేలిక, ఎవరూ కాదనరు. నేను వాళ్లకు ఉన్న మాట చెప్పాను, నట్లు నేనే సరిగా బిగించలేదని, ఇంకో క్యాబు వస్తుందని. మేనేజరుకు ఫోన్ చేసి అదే చెప్పాను. వారం రోజులు డ్యూటీ ఆపేశాడు.

తిరిగి వెళ్లిన రోజు ఆ నలుగురిలో ముగ్గురు నా బండి ఎక్కారు. నాలుగో అమ్మాయి వెనకొచ్చే క్యాబు కోసం ఆగిపోయింది. ఆమెను తప్పుపట్టలేదు. ఆమె కూడా వచ్చి డోరు తీసే రోజు దాకా, ప్రతి పొద్దున ప్రతి నట్టూ చేత్తో తడిమి చూసుకునే బయల్దేరాలనుకున్నాను. అలాగే బయల్దేరుతున్నాను.